145 కిలోమీటర్ల ముచ్చట: మామునూరు నుంచి శంషాబాద్‌కు విమానంల ఎంతసేపు?

మొన్న మా ఊరి పోరడొకడు ఫోన్ పట్టుకోని ఉరికొచ్చిండు. “అన్నా, మామునూరు నుంచి శంషాబాద్‌కు విమానంల పదిహేడు నిమిషాలేనంట. ఇగ పొద్దుగాల పోయి హైదరాబాద్‌ల పని చూసుకోని మాపటికి ఇంటికి రావచ్చు” అన్నడు. వాని సంబురం చూస్తే నాక్కూడ కాదనబుద్ధి కాలె. ఫోన్ తీస్కోని చూసిన. ఏదో దూరాల లెక్కలు చెప్పే సైట్. దూరం 145 కిలోమీటర్లు, వేగం గంటకు 500 కిలోమీటర్లు, టైం పదిహేడు నిమిషాలు.

భాగాహారం చేస్తే లెక్క సరిగ్గనే ఉన్నది. కాని ఆ పదిహేడు నిమిషాల్ల ఎవ్వడూ మామునూరు నుంచి శంషాబాద్‌కు పోలేడు. పైలట్ గూడ పోలేడు. ఎందుకు పోలేడో చెప్పాలంటే విమానం లెక్క మొత్తం చెప్పాలె. ఆ లెక్క మనకు తెల్వకపోవుడు వల్ల వరంగల్ జిల్లాలకు ఏం నష్టమైందో గూడ చెప్పాలె. అందుకే ఇయ్యాల ఈ ముచ్చట.

నేను ఇంజనీర్‌ను కాదు, విమానాల సదువు సదువుకోలె. మామునూరు విమానాశ్రయం గురించి ధర్నాలు, దరఖాస్తులు అయినప్పుడు “అసలు ఈ దూరం ఎవరు కొలిచిన్రు, ఎట్ల కొలిచిన్రు” అని అడిగి అడిగి నేర్చుకున్న సంగతులివి. టెంత్ లెక్కలు వచ్చినోళ్లెవరికైనా సమజైతయి.

దూరం ఎట్ల కొలుస్తరు

రోడ్డు దూరం వేరు, ఆకాశ దూరం వేరు. రోడ్డు వాగు కాడ వంగుతది, గుట్ట కాడ తిరుగుతది, ఊరు కాడ ఆగుతది. హన్మకొండ నుంచి జనగామ, భువనగిరి మీదికెళ్లి ఘట్‌కేసర్ కాడ ఔటర్ రింగ్ రోడ్ ఎక్కి శంషాబాద్ దిగేటాలకు 170 కిలోమీటర్ల దాక అయితది. ఆకాశ దూరానికి ఇవేవీ లేవు. రెండు చోట్ల మధ్య దారం గుంజి పట్టినట్టు సక్కటి గీత.

ఆ గీతను మనం ఇంట్ల కూసోనే కొలవచ్చు. ఫోన్ల మ్యాప్ తెరిచి ఒక జాగ మీద వేలు గట్టిగ ఒత్తిపట్టుండ్రి. రెండు అంకెలొస్తయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గరదగ్గర 17.24, 78.43 అని వస్తది. మామునూరుకు 17.91, 79.60.

ఇప్పుడు తీసివేత. అక్షాంశంల తేడా 0.67. ఒక్కో అక్షాంశ డిగ్రీ అంటే భూమ్మీద 111 కిలోమీటర్ల దాక ఉంటది. అంటే ఉత్తరం దిక్కు 74 కిలోమీటర్లు. రేఖాంశంల తేడా 1.17. రేఖాంశ డిగ్రీ భూమధ్యరేఖ కాడ 111 కిలోమీటర్లుంటది గాని ధ్రువాల దిక్కు పోయినకొద్ది చిన్నగైతది. మన దగ్గర 106 కిలోమీటర్ల దాక ఉంటది. అంటే తూర్పు దిక్కు 124 కిలోమీటర్లు.

ఉత్తరానికి 74, తూర్పుకు 124. లంబకోణ త్రిభుజం తయారైంది. కర్ణం ఎంత? టెంత్ల పైథాగరస్ సిద్ధాంతం అని సదివి “ఇది ఎందుకు పనికొస్తది సార్” అని అడిగినం గదా. గిందుకు పనికొస్తది. 74 వర్గం, 124 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 144 చిల్లర. ఇంకింత సన్నంగ లెక్క జేస్తే 145 కిలోమీటర్ల దాపు వస్తది.

భూమి గుండ్రంగ ఉంటది గనుక అసలు లెక్క ఇంకొంచెం వేరే ఉంటది. మన జిల్లాల మధ్య దూరాలకు ఆ తేడా లెక్కల పెట్టేంత కాదు. అమెరికా పోయే విమానాలకైతే మస్తు తేడా వస్తది. మ్యాప్ మీద చూస్తే చుట్టూ తిరిగి ఉత్తర ధ్రువం దిక్కు పోతున్నట్టు కనపడతది గాని, గుండ్రటి భూమ్మీద అదే దగ్గరి తొవ్వ.

ఈ 145 అనే అంకెను యాదిల పెట్టుకోండ్రి. మళ్ల పని పడతది.

పదిహేడు నిమిషాలు ఎందుకు గాదు

145ను 500తోని భాగిస్తే పదిహేడు నిమిషాలు. కాని విమానం గంటకు 500 కిలోమీటర్ల వేగంతోని పుట్టదు. ఆగి ఉన్నకాడి నుంచి మొదలు పెట్టాలె, మళ్ల ఆగాలె. హన్మకొండ బస్టాండ్ నుంచి బయల్దేరిన బస్సు హైవే మీద 80తోని పోతది నిజమే. ఊర్లె నుంచి బయటపడేటాలకే అరగంటైతది గదా. విమానానికి గూడ గంతే.

చిన్న ఊర్లకు తిరిగేది ఎక్కువగ ఏటీఆర్ 72 అనే విమానం. రెండు రెక్కలకు రెండు పంకాలుంటయి. డెబ్బైకి పైన సీట్లు. పైకి పోయి నిలకడ మీద ఉన్నప్పుడు గంటకు 500 కిలోమీటర్ల దాక పోతది. పైకి ఎక్కేటప్పుడు మాత్రం 300 చిల్లరే. ఎద్దు గట్టు ఎక్కినట్టే, బరువు గుంజుకుంట పోవాలె.

దిగుడు గూడ ఒక్కసారి కాదు. పైలట్లకు ఒక మోటు లెక్కుంటది. వెయ్యి అడుగులు దిగాలంటే మూడు నాటికల్ మైళ్ల దూరం కావాలె. నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు. ఈ లెక్కన పదివేల అడుగుల మీద పోయే విమానం దిగాలంటే 30 నాటికల్ మైళ్లు, అంటే 55 కిలోమీటర్ల ముందునుంచే కిందికి వంగాలె. ఢిల్లీ పోయే పెద్ద జెట్ 36 వేల అడుగుల మీద ఉంటే దిగుడు 200 కిలోమీటర్ల ముందే మొదలైతది.

ఇప్పుడు మన 145 కిలోమీటర్ల మీద ఈ లెక్క పెట్టుండ్రి. ఎక్కుడుకు కొంత దూరం, దిగుడుకు 55 కిలోమీటర్లు పోతే నడుమ నిలకడగ పోయేది ఎంత? చారెడంత. పెద్ద జెట్ అయితే దాని ఎత్తుకు అది చేరనే చేరదు. ఎక్కుతనే ఉంటది, దిగుడు టైం వస్తది. పదివేల అడుగుల లోపట 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు దాటొద్దనే నియమం గూడ మామూలుగ ఉంటది.

ఇంకోటి రన్‌వే దిక్కు. శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరలుగ ఉన్నది. విమానం గాలికి ఎదురుగ లేస్తది, ఎదురుగాలి రెక్కలకు బలమిస్తది గనుక. వానకాలం గాలి పడమటి నుంచి కొడతది. అంటే విమానం పడమటికి లేవాలె. వరంగల్ ఉన్నదేమో ఈశాన్యం దిక్కు. పడమటికి లేసి, మలిగి, వెనుకకు రావాలె. పైథాగరస్ చెప్పిన 145ల ఈ మలుపు లేదు. దిగేకాడ గూడ రన్‌వేకు సక్కగ వరుస కట్టుకోవాలె. ముందల నాలుగు విమానాలుంటే ఆకాశంలనే చక్కర్లు కొట్టాలె.

ఇవన్నీ కలిపి చూస్తే గాలిల ఉండేదే అరగంట అయితది. దానికి ముందు గేటు కాడినుంచి రన్‌వే కొస దాక నేల మీద నడక, దిగినంక మళ్ల నడక. శంషాబాద్ అసొంటి పెద్ద జాగల ఆ నడకే పది పదిహేను నిమిషాలు తింటది.

టికెట్ మీద రాసే టైం ఏది

టికెట్ మీద పది గంటలకు బయల్దేరి పదకొండింటికి చేరుతది అని ఉంటే, ఆ గంట గాలిల ఎగిరే టైం కాదు. చక్రాల కింది అడ్డు తీసి విమానం కదిలినకాడి నుంచి మళ్ల చక్రాలు ఆగి అడ్డు పెట్టేదాక. దాన్ని బ్లాక్ టైం అంటరు. కంపెనీలు దాంట్ల ఇంత ఎక్కువ టైం గూడ కలుపుకుంటయి. జర ఆలస్యమైనా “టైంకే వచ్చినం” అని చెప్పుకోనీకి.

మన తెలుగు నేల మీద విమానాల టైంటేబుల్ చూస్తే ఇది మంచిగ సమజైతది. శంషాబాద్ నుంచి గన్నవరం ఆకాశ దూరం 265 కిలోమీటర్ల దాక. టైం గంట అటిటు. శంషాబాద్ నుంచి రేణిగుంట 415 కిలోమీటర్ల దాక. టైం గంటా పది, గంటంపావు. శంషాబాద్ నుంచి విశాఖపట్నం 510 కిలోమీటర్ల దాక. టైం గంటంపావు, గంటా ఇరవై.

చూసిన్రా? గన్నవరం కంటే విశాఖ దూరం దాదాపు రెండింతలు. టైం మాత్రం ఇరవై నిమిషాలే పెరిగింది. ఎందుకంటే ఎక్కుడు, దిగుడు, నేల మీద నడక అన్ని విమానాలకు ఒక్కటే. దూరం పెరిగినకొద్ది ఆ ఖర్చు పంచుకపోతది. దూరం తగ్గినకొద్ది మీద పడతది. ఈ లెక్కన మామునూరు నుంచి శంషాబాద్‌కు ఎవరన్న విమానం నడిపితే టికెట్ మీద 45, 50 నిమిషాలు రాస్తరు. పదిహేడు రాయరు.

కిరాయి లెక్క గూడ ఇదే తీరు. లేసుడు, ఎక్కుడు కాడ ఇంధనం ఎక్కువ తాగుతది. దూరం చిన్నదైతే తాగిన ఇంధనానికి తగ్గ ప్రయాణం ఉండదు. ఆర్టీసీ బస్సుల వందల్ల అయ్యే తొవ్వకు వేల రూపాయలు పెట్టాలె.

ఇంటి నుంచి ఇంటికి

ఇగ అసలు లెక్కకు వస్తున్న. మనం విమానాశ్రయంల పుట్టలె, విమానాశ్రయంల ఉంటలేము. ఇంటి గడప నుంచి లెక్క మొదలు పెట్టాలె.

హన్మకొండల ఉన్నోడు మామునూరు పోయి శంషాబాద్ విమానం ఎక్కిండనుకుందాం. ఇంటి నుంచి మామునూరు అరగంట. దేశంల తిరిగే విమానానికి చెకిన్ కౌంటర్లు గంట ముందు బందు చేస్తరు. అంటే గంటంపావు ముందన్న ఆడ ఉండాలె. బ్లాక్ టైం 50 నిమిషాలు. దిగి బయటికొచ్చుడు పావుగంట, ఇరవై నిమిషాలు. శంషాబాద్ నుంచి సికింద్రాబాద్ దాక ట్రాఫిక్ల గంట, గంటంపావు. మొత్తం నాలుగు గంటలు.

కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలు దూరం 132 కిలోమీటర్లు. మంచి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండు గంటల చిల్లర. గందుకే మా పోరనికి చెప్పిన: “తమ్మీ, నువ్వు హైదరాబాద్‌ల పని చూసుకోవాలంటే రైలెక్కు. విమానం కోసం ఆగకు.”

వాడు మొఖం చిన్నగ జేసుకున్నడు. “అట్లయితే మామునూరు ఎందుకన్నా మనకు? ధర్నాలెందుకు చేసినం?”

మంచి ప్రశ్న. జవాబు చెప్పే ముందు మా ఇంటి ముచ్చటొకటి చెప్పాలె.

కొన్నేండ్ల కింద మా అక్క కొడుకు దుబాయ్ పోయిండు. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి విమానంల నాలుగు గంటలు. మా ఊరు పరకాల దిక్కు. మూడు గంటల ముందు ఆడ ఉండాలన్నరని, తొవ్వకు ఇంకో అయిదు గంటలు పెట్టుకోని జీపు మాట్లాడుకున్నం. భువనగిరి దాటినంక లారీ పడి తొవ్వ బందైంది. గంటన్నర అట్లనే కూసున్నం. అక్క వాని చెయ్యి పట్టుకోని దేవునికి మొక్కుతనే ఉన్నది. శంషాబాద్ చేరేటాలకు కౌంటర్ మూసే టైం. వాడు సంచి భుజానేసుకోని ఉరికిండు. వెనుకకు తిరిగి చూడలె. చూసే టైం లేకుండె. అక్క ఆ అద్దాల తలుపు కాడ నిలవడి “పిలగాడు అన్నం గూడ తినలె” అని ఏడ్సింది. రెండేండ్ల దాక మళ్ల వాని మొఖం చూడలె.

దుబాయ్ నాలుగు గంటల దూరం. శంషాబాద్ ఆరున్నర గంటల దూరం. మా అక్కకు ఈ లెక్క ఎవ్వరు చెప్పనక్కరలేదు.

బేగంపేటల విమానాలు దిగినప్పుడు కొంచెం నయముండె. సికింద్రాబాద్ స్టేషన్ల రైలు దిగితే బేగంపేట దగ్గర్లనే. 2008 మార్చిల శంషాబాద్ మొదలై బేగంపేటల ప్రయాణికుల విమానాలు బందైనంక, రైలు దిగినోడు మళ్ల 35 కిలోమీటర్ల దాక పోవాలె. విమానం టైం ఒక్క నిమిషం మారలె. మన టైం పెరిగింది. ఆ పెరిగిన టైం ఏ టికెట్ మీద రాయలె.

ఇప్పుడు మామునూరు ఎందుకో చూడుండ్రి. శంషాబాద్ నుంచి ఢిల్లీ ఆకాశ దూరం 1,260 కిలోమీటర్ల దాక. మామునూరు నుంచి 1,200 చిల్లర. విమానం టైం రెండూ ఒక్కటే, రెండు గంటల చిల్లర. కాని పరకాల పోరడు శంషాబాద్ పోనీకి అయిదు గంటలు, మామునూరు పోనీకి గంట, గంటంపావు. పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు మిగిలినయి. మామునూరు నుంచి బెంగళూరు 560 కిలోమీటర్లు, ముంబై 720 కిలోమీటర్లు. ఈ దూరాలకు విమానం లెక్క గిట్టుబాటైతది. ఇంటర్వ్యూకు పోయేటోడు, పెద్దాసుపత్రికి పోయే రోగి, సరుకు పంపే మిర్చి వ్యాపారి, అందరికి.

అందుకే నేననేది, విమానాశ్రయం కావాలని కొట్లాడుడు సరైందే. కాని ఏ ఊరికి విమానం కావాలె అన్నది గూడ మనమే అడగాలె. జెండా ఊపే రోజున హైదరాబాద్‌కు ఒక విమానం తిప్పి ఫొటోలు దిగి పోతే మనకు ఒరిగేదేం లేదు.

అయిదు కిలోమీటర్ల తేడా

ఇప్పుడు ఆ 145 దగ్గరికి మళ్ల వద్దాం.

మామునూరు కొత్తది కాదు. 1930ల నిజాం జమానల కట్టింది. వరంగల్ల ఆజంజాహి మిల్లు, కాగజ్‌నగర్ల కాగితం మిల్లు ఉన్న కాలం. 1981 దాక ఆడ విమానాలు దిగినయి. నలభై ఏండ్ల నుంచి గడ్డి మొలిచింది. మన తాతలు విమానం దిగుడు చూసిన్రు, మనం చూడలె.

శంషాబాద్ కట్టేటప్పుడు 2004 డిసెంబర్ల కేంద్రానికి, కట్టే కంపెనీకి ఒప్పందమైంది. జీఎంఆర్ కంపెనీ ముందుండి కట్టిన ప్రాజెక్టు అది. ఆ ఒప్పందంల ఒక షరతున్నది. శంషాబాద్ మొదలైనకాడి నుంచి 25 ఏండ్ల దాక, 150 కిలోమీటర్ల ఆకాశ దూరం లోపట ఇంకో విమానాశ్రయాన్ని పెంచొద్దని. 2008ల మొదలైంది గనుక 2033 దాక.

మామునూరు ఎంత దూరం? 145. అయిదు కిలోమీటర్లు లోపటున్నది.

అయిదు కిలోమీటర్లంటే ఎంత? పొద్దుగాల నడకకు పోయి వచ్చేటంత. ఆ షరతుల “ఆకాశ దూరం” అనే కాడ “రోడ్డు దూరం” అని రాస్తే? రోడ్డు దూరం 170 దాక ఉన్నది, మామునూరు ఆ గీత బయటుండేది. 150 కాడ 140 రాసినా బయటుండేది. కొలత ఎట్ల కొలవాలనేది కాగితం రాసినోని చేతుల ఉంటది. ఆ కాగితం రాసే బల్ల కాడ వరంగల్ మనిషి ఎవ్వడు లేకుండె.

కంపెనీ దిక్కునుంచి చూస్తే వాళ్ల వాదన వాళ్లకున్నది. వేల కోట్లు పెట్టి కట్టినం, పక్కనే ఇంకోటి వస్తే ప్రయాణికులు పంచుకపోతే అప్పులెట్ల కట్టాలె అంటరు. దాంట్ల న్యాయం లేదని నేననను. కాని ఒక్కసారి ఆలోచించుండ్రి. మామునూరు నుంచి శంషాబాద్ ప్రయాణికుడిని గుంజుకునే విమానాశ్రయమా? మనం ఇప్పుడే లెక్క జేసినం, హైదరాబాదోడు మామునూరుకు రాడు. మనోళ్లు ఆరు జిల్లాల నుంచి శంషాబాద్ పోవుడు తగ్గుతది, గంతే.

చివరికి ఆ కంపెనీ అభ్యంతరం లేదని రాసిచ్చింది. 2025 ఫిబ్రవరి 28న కేంద్రం మామునూరుకు అనుమతిచ్చింది. ఆ అయిదు కిలోమీటర్లు దాటనీకి పదిహేడు ఏండ్లు పట్టింది. సైట్ల పదిహేడు నిమిషాలని చూపెట్టిన తొవ్వకు.

ఇంకో మాట గూడ నిజాయితీగ చెప్పాలె. అన్ని తప్పులు ఆ షరతు మీదికే తోసెయ్యొద్దు. పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్ శంషాబాద్‌కు 190 కిలోమీటర్ల దాక ఉంటది. ఆదిలాబాద్ 270 దాక. రెండూ 150 బయటనే ఉన్నయి. ఏ షరతు ఆపలె. అయినా గిన్నేండ్లు ఆడ ప్రయాణికుల విమానం దిగలె. అటు పడమర చూస్తే, బీదర్ 125 కిలోమీటర్లే ఉన్నది, 150 లోపటనే. అది వైమానిక దళం జాగ, ఆడ 2020 ఫిబ్రవరిల బెంగళూరు విమానం మొదలైంది. అంటే దూరం ఒక్కటే కారణం కాదు. అడిగే నోరుండాలె, కదిలించే సర్కారుండాలె.

విమానం రావుడు వేరు, నిలుచుడు వేరు

2016ల కేంద్రం ఉడాన్ పథకం తెచ్చింది. చిన్న ఊర్లకు విమానం నడిపితే నష్టం వచ్చిన కాడికి మూడేండ్లు సర్కారు కట్టిస్తది. దాంట్ల రాష్ట్రం వాటా గూడ ఉంటది. గంట ప్రయాణానికి సగం సీట్లు రెండువేల అయిదువందల రూపాయలకు ఇవ్వాలన్నరు. 2017 ఏప్రిల్ 27న మొదటి విమానాలకు ప్రధాని జెండా ఊపిండు. సిమ్లా నుంచి ఢిల్లీకి ఒకటి. దాంతోపాటు కడప నుంచి హైదరాబాద్‌కు, నాందేడ్ నుంచి హైదరాబాద్‌కు. మన దిక్కు ఊర్లే ముందు వరుసల ఉన్నయి. ఆ కడప, నాందేడ్ విమానాలు నడిపింది ట్రూజెట్ అనే హైదరాబాద్ కంపెనీ. 2022ల దాని విమానాలు ఆగిపోయినయి.

2023ల కాగ్ ఈ పథకం లెక్కలు తీసింది. 774 రూట్లు ఇస్తే 403 రూట్లల్ల విమానం మొదలే గాలె. మొదలైన 371ల మూడేండ్లు పూర్తి చేసినయి 112. సర్కారు పైసలు ఆగినంక గూడ, 2023 మార్చి నాటికి నిలిచినయి 54. నూరు రూట్లు ఇస్తే ఏడు నిలిచినట్టు.

నేను ఈ లెక్క భయపెట్టనీకి చెప్తలేను. రన్‌వే ఏసుడు సగం పనే. రూట్ నిలవాలంటే ఆ దూరం విమానానికి గిట్టుబాటు కావాలె, ఎక్కే మనుషులుండాలె. రైలు, బస్సు రెండు గంటల్ల దించే కాడికి విమానం పెడితే సబ్సిడీ ఒడిసిన నాడు అది ఒడుస్తది. రైలు రాత్రంత పోయే కాడికి పెడితే నిలుస్తది.

రన్‌వే కింద భూమి ఎవరిది

మామునూరుల ఇప్పటికే 696 ఎకరాల జాగున్నది. రన్‌వే 1.8 కిలోమీటర్ల దాక. ఏటీఆర్ లేసుడుకు, దిగుడుకు అది సరిపోతది. కాని ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 అసొంటి పెద్ద విమానాలు దిగాలంటే 2.8 కిలోమీటర్లు కావాలన్నరు. దానికి ఇంకో 253 ఎకరాలు. నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడేపల్లి ఊర్ల భూములు. 2024 నవంబర్ల రాష్ట్ర సర్కారు భూసేకరణకు 205 కోట్లు మంజూరు చేసింది.

రన్‌వే పొడుగుకు, దూరానికి సంబంధమున్నది. దూరం పోవాలంటే ఇంధనం ఎక్కువ నింపాలె. బరువు పెరుగుతది. బరువు పెరిగితే లేవనీకి ఎక్కువ దూరం ఉరకాలె. ఎండకాలం గాలి పలుచబడితే ఇంకింత ఉరకాలె. అంటే ఢిల్లీ, ముంబై విమానం కావాలంటే రన్‌వే పొడుగు కావాలె. పొడుగు కావాలంటే ఆ మూడు ఊర్ల భూమి కావాలె. మనకు మిగిలే నాలుగు గంటలు వాళ్ల పొలాల్ల నుంచే వస్తయి. ఈ మాట దాచిపెట్టి సంబురం చేసుకుంటే అది మంచి పద్ధతి కాదు.

ఆ దిక్కు మాకు దూరపు చుట్టం ఒకాయన ఉన్నడు. రెండెకరాల ఆసామి. “విమానం రావద్దని నేనంటలేను బిడ్డా,” అన్నడు. “నా మనుమడు ఎక్కుతడేమో. కాని నా రెండెకరాలకు బదులు ఇంకోకాడ రెండెకరాలు దొరికేటంత ఇస్తె చాలు. ఎక్కువ వద్దు.” ఇంతకంటే సక్కటి లెక్క ఏ సైట్ల లేదు.

2013 భూసేకరణ చట్టం మార్కెట్ ధర మీద నూటికి నూరు శాతం సొలేషియం ఇవ్వాలంటది. కాని మార్కెట్ ధర ఏదని ఎవరు రాస్తరు? రిజిస్ట్రేషన్ ఆఫీసుల రాసిన ధర ఒకటి, విమానాశ్రయం వస్తదన్న నాటినుంచి బయట నడిచే ధర ఇంకోటి. ఈడ గూడ మళ్ల కొలత ముచ్చటే. 150 కిలోమీటర్లు ఎట్ల కొలవాలో రాసిననాడు మనం ఆ బల్ల కాడ లేము. ఎకరం ధర రాసేనాడన్న ఆ ఊర్లోళ్లు ఉండాలె, వాళ్ల పక్కన మనం నిలవడాలె.

మీరు చెయ్యాల్సింది

తమ్ముళ్లు, చెల్లెళ్లు, ఫోన్ల అంకె కనపడంగనే షేర్ కొట్టకుండ్రి. అది ఆకాశ దూరమా, రోడ్డు దూరమా చూడుండ్రి. అది గాలిల ఎగిరే టైమా, టికెట్ మీది టైమా, ఇంటి నుంచి ఇంటికి పట్టే టైమా చూడుండ్రి. రెండు అక్షాంశాలు, రెండు రేఖాంశాలు తీసుకోని మీరే లెక్క కట్టుండ్రి. పావుగంట పని.

ఊర్లకు నాయకుడొచ్చి “విమానం తెస్తున్న” అంటే మూడు ముచ్చట్లు అడుగుండ్రి. ఏ ఊరికి తెస్తున్నవు? సబ్సిడీ ఒడిసినంక ఎవరు నడుపుతరు? భూమి ఇచ్చినోనికి పైసలు ఎప్పుడు ముట్టినయి?

మా అక్క కొడుకు వచ్చే యేడు ఇంటికొస్తడట. “మామా, అప్పటికి మామునూరుల దిగొచ్చా?” అని ఫోన్ల అడిగిండు. దుబాయ్ విమానం మామునూరుకు ఇప్పట్ల రాదురా అని చెప్పిన. ముంబైల దిగి మామునూరు విమానం ఎక్కే రోజు వస్తదేమో చూద్దామన్న. అక్క పక్కనుంచి ఫోన్ గుంజుకోని అడిగింది: “అవన్నీ సరేగని, ఈసారన్న అన్నం తినే టైం ఉంటదా?”